బయటి డబ్బాకు కప్పిన దుప్పటి

మా నల్లగొండలో ఎండాకాలం పోయిందని మనిషికి నమ్మకం కుదిరేది దసరా దాటాకే. అప్పుడు మా గల్లీలో ఆడవాళ్ళం కూలర్లు కట్టేస్తాం. కట్టేయడమంటే స్విచ్చి తీసేయడం కాదు. తొట్టిలో మిగిలిన నీళ్ళు పారబోసి, అడుగున పేరుకున్న తెల్లటి ఉప్పును చింతపండుతో తోమి, కుళ్ళిన గడ్డి పారేసి, లోపలి చిన్న మోటారును తుడిచి పాలిథిన్ సంచిలో చుట్టి, ఆరిన డబ్బాకు పాత చీరో దుప్పటో కప్పి, తాడు బిగించి మూలకు నెట్టాలి. ఈ పని చేయని ఇల్లాలిని గల్లీ అంతా ఏడాది పొడుగునా ఒక చూపు చూస్తుంది. నా మీద ఆ చూపు ఎప్పుడూ పడలేదు. నేనే ఇతరుల మీద వేసేదాన్ని.

కప్పడం నాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. మాది మర్రిగూడ అవతల ఒక నేతపని ఊరు. సాయంత్రం మా బాపు మగ్గం దిగగానే అమ్మ పడుగు మీద పాత ధోవతి పరిచేది. దుమ్ము పడితే నూలు పాడవుతుంది, ఎలుక ఎక్కితే నెల రోజుల కష్టం పోతుంది. మగ్గానికి గుడ్డ, రాట్నానికి గుడ్డ, కండెల బుట్టకు గుడ్డ. మా ఇంట్లో గుడ్డకు కరువు లేదు, కప్పడానికి అలుపు లేదు. వస్తువు మీద ప్రేమ ఉందని చెప్పడానికి మాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

బాపు నలభై ఏళ్ళకు పైగా గుంట మగ్గంలో కాళ్ళు దించుకొని కూర్చున్నాడు. కింద ఆ గుంట, కడుపులో మా ఊరి బోరునీళ్ళు, రెండూ కలిసి ఆయన కీళ్ళను తినేశాయి. మా వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. పళ్ళకు పసుపు గార పట్టడం, యాభై వచ్చేసరికి మెడ తిరగకపోవడం మాకు జుట్టు నెరిసినంత మామూలు. ఎంతోమంది వచ్చి చూశారు. వంకర కాళ్ళ వాళ్ళ పక్కన నిలబడి ఫొటోలు దిగారు, వెంట తెచ్చుకున్న సీసా నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. తెలంగాణ వచ్చాక కృష్ణా నీళ్ళు నల్లాలోకి వచ్చాయి. రాలేదని నేననను. కానీ అప్పటికి బాపుకు అరవై దాటాయి. ఆ వయసులో మంచినీళ్ళు దప్పిక తీరుస్తాయి గానీ మోకాళ్ళను తిప్పుతాయా?

అమ్మ పోయిన తర్వాత, గుంటలోకి దిగిన మనిషి ఒకరోజు మళ్ళీ పైకి లేవలేకపోయాక, ఆయన్ని మా ఇంటికి తెచ్చుకున్నాను. నేనొక్కదాన్నే సంతానం. నా భర్త నార్కట్‌పల్లిలో ఒక పార్సిల్ ఆఫీసులో పనిచేస్తాడు. పొద్దున్నే పోయి పొద్దుగూకినంక వస్తాడు. నెమ్మదైన మనిషి. "మామ మన దగ్గరనే ఉంటడు" అని నాకంటే ముందు అన్నది ఆయనే. అయినా బాపుకు బిడ్డ ఇంట్లో ఉండటం చివరిదాకా మింగుడుపడలేదు. మా వాళ్ళలో అది తలవంపు. కూతురింటికి పోయిన తండ్రి పండ్లిచ్చి, చాయ్ తాగి, బస్సెక్కాలి. ఆయన మాత్రం ఒక రేకుపెట్టెతో వచ్చి ఉండిపోయాడు. అందుకని ఇంట్లో ఉన్నట్టే ఉండేవాడు కాదు. మంచినీళ్ళు రెండోసారి అడగడు. రిమోట్ ముట్టడు. "అల్లుని టీవీ" అంటాడు, "అల్లుని కుర్చీ" అంటాడు. ఒక మాట ఒకసారి అంటాడు, వింటే సరి, లేకపోతే ఇక ఆ మాట ఆయన నోట రాదు.

ఆ రేకుపెట్టెలో నాకోసం తెచ్చింది ఒకే వస్తువు. మగ్గం దిగేముందు ఆఖరుసారి నేసిన దుప్పటి. తెల్లటిది, రెండు వైపులా ఎర్ర అంచు, చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసేంత మందం.

దవాఖానలో డాక్టర్ ఒక సంగతి గట్టిగా చెప్పాడు. ఈ మనిషి కీళ్ళు చలికి పట్టేస్తాయి, వెచ్చగా ఉంచాలి, రోజూ నడిపించాలి, చలికాలంలో నాలుగు వారాలు కదలకుండా ఉంటే మోకాళ్ళు అలాగే బిగుసుకుపోతాయి, మళ్ళీ తిరగవు. అందుకని బాపు నడక మా ఇంట్లో పూజలాంటిదైంది. పొద్దున వావిలాకు మరిగించిన నీళ్ళతో కాపడం పెట్టేదాన్ని. తర్వాత కర్ర పట్టుకొని గల్లీ చివరి చాయ్ హోటల్ దాకా పోయి, సగం చాయ్ సాసర్లో పోసుకొని తాగి, వెనక్కి వచ్చేవాడు. ఆ నాలుగడుగులే ఆయన సొంత బతుకు. అక్కడ మాత్రమే ఆయన ఎవరి మామా కాదు, ఎవరి బాపూ కాదు.

మా ఆయన ఆ ఎండాకాలం ఏసీ కొన్నాడు. షాపువాడు అటూ ఇటూ పనికొస్తుందని చెప్పాడట, ఎండకు చల్లగా, చలికి వెచ్చగా. ఇంటికి తెచ్చి బిగించిన రోజు పక్కింటావిడ నవ్వలేక చచ్చింది. "నల్లగొండల వేడిగాలి మిషనా? మేము మే నెలల ఫ్రీగనే ఇస్తం గదా!" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను. మా ఆయన మాత్రం బాపు మోకాళ్ళ వైపు చూసి, "చలికాలం రానియ్యి మామా, నీ గదిల ఎండ కాపిస్త" అన్నాడు. లోపలి పెట్టె బాపు గదిలో గోడకు, బయటి డబ్బా సరిగ్గా ఆ గది పైన స్లాబు మీద. స్లాబు మీదికి బయటి నుంచి మెట్లు. ఆ మెట్లు బాపు గది కిటికీ పక్కనుంచే పైకి పోతాయి.

కార్తీకం వచ్చింది. నేను చలికాలానికి ఇంటిని తయారుచేశాను. మొదట కూలర్ కట్టేశాను. తర్వాత ఏసీ ఫిల్టర్లు తీసి, నల్లా కింద కడిగి ఆరబెట్టాను. రిమోట్‌లో సూర్యుడి బొమ్మ ఎక్కడుందో వెతికి పట్టుకున్నాను. ఇంతవరకూ బాగానే ఉంది. అక్కడ ఆగితే నా బతుకు మరోలా ఉండేది. స్లాబు మీద వడియాల గుడ్డ ఆరేయడానికి పోయినప్పుడు ఆ బయటి డబ్బా కనిపించింది. కొత్తది, తెల్లగా, మంచుకు తడిసి, ఎవరూ పట్టించుకోనట్టు నిలబడి ఉంది. నా చేతులు ఊరుకోలేదు. ఒట్టి ప్లాస్టిక్ పరదా కప్పితే దాని కింద మంచు చెమటలా పట్టి తుప్పు పడుతుంది, కాబట్టి లోపల మెత్తటి గుడ్డ ఉండాలి. పాత చీరలన్నీ కూలర్‌కు అయిపోయాయి. బాపు తెచ్చిన దుప్పటి బీరువాలోంచి తీసుకొని, తాడు భుజాన వేసుకొని, ఆ కిటికీ పక్కనుంచే మెట్లెక్కాను. దుప్పటి చుట్టాను, దాని మీద నీలం పరదా కప్పాను, తాడును నాలుగు చుట్లు తిప్పి బిగించాను. నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసుకున్నాను. ఎంత అందంగా కట్టానో.

మార్గశిరంలో చలి దిగింది. చలి అంటే మా చలే. ఉత్తరాది వాళ్ళు వింటే నవ్వుతారు. కానీ సున్నపు గోడల ఇల్లు, ఎముకల్లో సున్నం పేరుకున్న మనిషి, తెల్లవారుజామున గచ్చు మీద కాలు పెడితే ఆ చలి ఎంతదో మా బాపును అడగాలి. ఏసీ వేశాను. కాసేపు గోరువెచ్చగా వచ్చింది. బాపు ముఖం వికసించింది. తర్వాత లోపల టక్కుమని ఏదో మోగి గాలి ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది, ఈసారి చప్పగా, చల్లగా. రిమోట్‌లో అంకె పెంచాను. ఇంకా పెంచాను. అంతే. షాపుకు ఫోన్ చేస్తే ఒకతను, "వేడెక్కడానికి టైం పడ్తది మేడం, ఓపిక పట్టాలె" అన్నాడు. ఓపిక పట్టాను. నాకు ఓపిక ఎంతుంటుందో మా ఇంట్లో గిన్నెలకు తెలుసు.

ఆ వారమంతా మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఎవడో చెప్పగానే నమ్మి కొన్నావన్నాను, వేడిగాలి మిషన్ అని నిన్ను బకరా చేశారన్నాను. ఆయన, "మెకానిక్‌ను పిలుస్త" అన్నాడు. పిలిచాడు కూడా. రేపు వస్తా, ఎల్లుండి వస్తా అని అతను జరిపాడు. చలికాలంలో ఏసీ బాగుచేయమంటే ఎవరైనా అలాగే జరుపుతారు.

ఒక పొద్దున నేను బాపు మోకాళ్ళకు కాపడం పెడుతుంటే ఆయన ఉన్నట్టుండి అడిగాడు.

"బిడ్డా, మొన్న నా దుప్పటి పట్టుకొని పైకి పోయినవు గదా. దేనికి కప్పినవు?"

"బయటి డబ్బాకు."

ఆయన కాసేపు పైకప్పు వైపు చూశాడు. "గాలాడుతాందా దానికి? గాలి గుంజుకొని గాలి ఇడిసే మిషన్ లెక్కుంది అది. మూతి కట్టేస్తే ఎట్ల పని చేస్తది?"

నాకు ఆ పూట వంటింట్లో పాలు పొంగుతున్నాయి, బయట నల్లా వచ్చింది, నిప్పురవ్వ తగిలినా భగ్గుమనే దశలో ఉన్నాను. నోటికొచ్చింది అనేశాను.

"నీకేం తెలుసు బాపూ? అది నీ మగ్గం గాదు. గమ్మున పండుకో."

ఆయన గమ్మున పడుకున్నాడు. చెప్పాను కదా, ఒక మాట ఒకసారే అంటాడు. బిడ్డ ఇంట్లో రెండోసారి అనడు.

ఆ తర్వాత నేను ఎప్పుడు అడిగినా, "ఎచ్చగనే ఉంది బిడ్డా" అనేవాడు. రగ్గు గడ్డం దాకా లాక్కొని, పళ్ళు కొట్టుకుంటుంటే కూడా అదే మాట. నేను నమ్మాను. నమ్మడం నాకు సులువు. మెకానిక్ వెంట పడక్కరలేదు, నా పని నేను చేసుకోవచ్చు. చలి దిగిన పదో రోజు నుంచి నడక మానేశాడు. "ఇయ్యాల మబ్బుగుంది, రేపు పోత" అనేవాడు. చాయ్ ఇంటికే తెప్పించేదాన్ని. నడక మానిన నాలుగో వారంలో ఒక ఉదయం ఆయన్ని లేపబోతే కాళ్ళు ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉన్నాయి. నేను సాగదీస్తుంటే గట్టిగా అరిచాడు. ఆయన అరవడం నేను అదే మొదటిసారి వినడం.

మెకానిక్ వచ్చింది ఆ మరుసటి ఆదివారం. మా ఆయన ఇంట్లో ఉన్నాడు. మెకానిక్ నడివయసు మనిషి, సంచి భుజాన వేసుకొని, లోపలి పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి, "పైన చూద్దాం" అంటూ మెట్లెక్కాడు. వెనక మా ఆయన, ఆయన వెనక నేను. పక్కింటావిడ వాళ్ళ స్లాబు మీద మిరపకాయలు ఎండబెడుతోంది. మెకానిక్ ఆ నీలం మూటను చూసి ఆగిపోయాడు. తర్వాత పడీ పడీ నవ్వాడు.

"ఎవరమ్మా గీ పెండ్లికూతురిని తయారుచేసింది?"

తాడు విప్పడానికే కాసేపు పట్టింది, అంత గట్టిగా కట్టాను. పరదా తీశాడు, దుప్పటి తీశాడు. తడిసి, నల్లటి గ్రీజు మరకలతో ఉంది అది. అప్పుడు చెప్పాడు. "దీన్ని హీట్ పంపు అంటరమ్మా. బావిల నీళ్ళు తోడినట్టు బయటి గాలిలకెల్లి వేడిని తోడి లోపల పోస్తది. చలిగాలిల గూడ ఎంతో కొంత వేడుంటది. బయటి డబ్బా ముక్కు మూస్తే యాడికెల్లి తోడాలె? కూలర్ లెక్క మూట గట్టినరు. ఎవరు కప్పిండ్రు?"

పక్కింటావిడ మిరపకాయలు వదిలేసి పిట్టగోడ దగ్గరకు వచ్చింది. మా ఆయన నా వైపు తిరిగాడు. గల్లీలో అందరి కూలర్ల మీదా తీర్పులు చెప్పినదాన్ని. వారం పాటు మొగుణ్ణి బకరా అని తిట్టినదాన్ని. నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. జారింది అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. జారలేదు. నేనే వెతికి తీసి అన్నాను.

"మా బాపు కప్పిండు. పెద్దాయన గదా, తెల్వక."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కిందికి దిగాం. మా ఆయన నేరుగా బాపు గదిలోకి పోయి, "ఏం మామా, ఏసీకి సలి పెడుతాందని దుప్పటి కప్పినవట?" అన్నాడు. కిటికీ తెరిచే ఉంది. పైన మాట్లాడిన ప్రతి ముక్కా ఆ గదిలోకి వినిపిస్తుంది. బాపు మొదట నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. కోపం ఉంటే నేను గొడవ పెట్టుకునేదాన్ని, అరిచేదాన్ని, చివరికి నిజం చెప్పేదాన్ని.

"అవు అల్లుడా," అన్నాడు. "బయట ఒక్కతే ఉంటది గదా, పాపమనిపిచ్చింది."

ఆ సాయంత్రం ఆ గది కోడి రెక్కల కింద ఉన్నంత వెచ్చగా అయింది. బాపు చేతులు రగ్గులోంచి బయటకు తీశాడు. కానీ మోకాళ్ళు తెరుచుకోలేదు. డాక్టర్ చూశాడు, కాళ్ళు సాగదీసే వ్యాయామాలన్నాడు, ఎవరినో పంపించాడు. వాళ్ళు సాగదీసినప్పుడల్లా బాపు పళ్ళ బిగువున ఓర్చుకునేవాడు. నాలుగు నెలల తర్వాత వాళ్ళే రావడం మానేశారు. గల్లీ చివరి చాయ్ హోటల్ మా ఇంటి నుంచి కనిపిస్తుంది. బాపు ఇక ఎప్పుడూ అక్కడికి పోలేదు.

దుప్పటిని సోడాలో నానబెట్టి ఉతికాను. గ్రీజు మరకలు పోలేదు. మడిచి బీరువాలో అడుగున పెట్టాను.

ఇక ఆ కథ ఊరిలో పడింది. మా ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. చాయ్ హోటల్లో చెప్పాడు, పార్సిల్ ఆఫీసులో చెప్పాడు, పెళ్ళిళ్ళలో బంతిలో కూర్చుని చెప్పాడు. "మా మామ మంచితనం చూడుండ్రి, మిషన్‌కు గూడ దుప్పటి కప్పిండు." చుట్టాలు ఇంటికి వస్తే బాపు మంచం పక్కన కూర్చుని అడిగేవారు, "ఏమయ్యా, ఏసీకి సలి తగ్గిందా?" అని. బాపు వాళ్ళతో పాటు నవ్వేవాడు. ఒక్కోసారి తానే ఎత్తుకొని చెప్పేవాడు, తాడు ఎన్ని చుట్లు తిప్పాడో, ఎంత గట్టిగా ముడి వేశాడో. నేను చాయ్ గ్లాసులు పట్టుకొని అక్కడే నిలబడేదాన్ని. మా ఆయన మీద కడుపు మండిపోయేది. ముసలాయనను నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నాడని అనుకునేదాన్ని. ఎంత సిగ్గులేనితనమో చూడండి, చేసిందాన్ని నేను, మండిపడేది ఆయన మీద.

చెబుదామని అనుకోలేదా అంటే ప్రతి రోజూ అనుకున్నాను. బాపుకు అన్నం కలిపి పెడుతూ అనుకున్నాను. నీళ్ళు పోస్తూ అనుకున్నాను. చెప్పడానికి నోరు తెరిస్తే పప్పులో ఉప్పు సరిపోయిందా అనే మాట వచ్చేది. ఆయన కూడా నా దగ్గర అసలు సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఆయన మరిచిపోయాడేమో అనుకున్నాను. ముసలివాళ్ళు మరిచిపోతారని మనకు అనుకూలమైనప్పుడు ఎంత బాగా నమ్ముతామో.

ఇంకో రెండు చలికాలాలు ఉన్నాడు. ఆ రెండింటికీ నేను మిషన్‌ను తయారుచేసిన తీరు చూస్తే కంపెనీవాళ్ళు కూడా దండం పెడతారు. దీపావళి కాగానే ఫిల్టర్లు కడగడం, స్లాబు మీద డబ్బా చుట్టూ పావురాలు తెచ్చి పోసిన పుల్లలు ఏరేయడం, వెనక రేకుల మధ్య దుమ్మును సన్నటి నీటిధారతో కడగడం, మూరెడు దూరం దాకా ఏ సామానూ లేకుండా చూడటం. వేడికి నడిచేటప్పుడు నీళ్ళు బయటి డబ్బా నుంచే కారతాయి, అది చెడిపోవడం కాదని తెలుసుకొని దాని కింద చిన్న గొట్టం పెట్టించాను. చలి దిగకముందే ఒక పూట నడిపి చూసేదాన్ని. బాపు మంచం మీద నుంచి చూస్తూ, "నీ చేతికి పని తెలుసు బిడ్డా" అనేవాడు. నాకు ఆ మాట చెంపదెబ్బలా తగిలేది. ఆయన మెచ్చుకోవడానికే అనేవాడని నాకు తెలుసు, అదే బాధ.

ఆషాఢంలో, వానలు పట్టిన రోజుల్లో పోయాడు. చలికి కాదు. దినాల నాడు కూడా ఎవరో ఆ దుప్పటి ముచ్చట తీశారు, ఏడుస్తున్న వాళ్ళు కూడా నవ్వారు. నేను అక్కడే ఉన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు.

ఈ కార్తీకంలో సర్వీసింగ్‌కు ఆ మెకానికే వచ్చాడు. గది ఖాళీగానే ఉంది. మంచం నిలబెట్టి గోడకు ఆనించాం. ఆ గదికి ఏసీ ఎందుకని మా ఆయన అనలేదు, నేనూ అనలేదు, అలవాటు కొద్దీ పిలిచాం. మెకానిక్ స్లాబు మీద డబ్బా మూత విప్పుతూ, "గీ యేడు పెద్దాయన దుప్పటి కప్పలేదా? ఏడున్నడు?" అన్నాడు.

"పోయిండు," అన్నాడు మా ఆయన.

"అయ్యో. మంచి మనిషి. నేను గా కథ ఎంతమందికి చెప్పిన్నో."

అప్పుడు అన్నాను. ఎందుకు అప్పుడే అన్నానో తెలియదు. వినాల్సిన మనిషి లేడని ధైర్యం వచ్చిందేమో.

"ఆయన కప్పలేదు. నేనే కప్పిన."

మెకానిక్ నా ముఖం చూసి, మా ఆయన ముఖం చూసి, "ఎవరు కప్పితే ఏమైందమ్మా, తీసినం గదా" అని మళ్ళీ పనిలో పడ్డాడు. పని చేసి, వేడికి పెట్టి చూపించి, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. మేమిద్దరం స్లాబు మీదే మిగిలాం. మా ఆయన విప్పిన స్క్రూలేమైనా పడ్డాయేమోనని కింద వెతుకుతున్నట్టు వంగి ఉన్నాడు.

"నేనే కప్పిన," అన్నాను మళ్ళీ. "నీకు అబద్ధం చెప్పిన."

"నాకు తెలుసు."

"ఎప్పటికెల్లి?"

ఆయన లేచి నిలబడ్డాడు. "ఆ రోజే. మూడు మెట్లు ఎక్కలేని మనిషి, చేతులు భుజం దాటి లేవని మనిషి, స్లాబెక్కి నాలుగు చుట్లు తాడు కట్టిండంటే నమ్మెతందుకు నేనేమన్న పిచ్చోన్నా?"

నిజమే. ఎవరైనా ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలిసిపోయే అబద్ధం అది. నా తెలివి మీద నాకు ఎంత నమ్మకమంటే, నేను ఆ నిమిషం కూడా ఆలోచించలేదు.

"మరి ఊరంత ఎందుకు చెప్పుకుంట తిరిగినవు? ఆయన్ని నవ్వులపాలు చేసుకుంట?"

"మామనే చెప్పుమన్నడు." ఆయన గొంతు తగ్గింది. "ఆ సాయంత్రం నువ్వు వంటింట్ల ఉన్నవు. నన్ను దగ్గరికి పిలిచి అన్నడు. 'అల్లుడా, నేను ఇయ్యాల ఉండి రేపు పోయేటోన్ని. అది గీ ఇంట్ల ఉండేటిది. దాని మీదికి మాట రానియ్యకు. నేనే కప్పిన అని పది మందికి చెప్పు, ఇంకెవ్వరు అడగరు' అన్నడు. చెయ్యి పట్టుకున్నడు. నేనేం చెయ్యాలె?"

నాకు మొదట వచ్చింది కోపమే. ఇద్దరూ కలిసి ఆడిన ఈ నాటకం మీద, నన్ను దాని మధ్యలో చాయ్ గ్లాసులతో నిలబెట్టినందుకు. "నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. పక్క స్లాబు మీద ఎవరైనా ఉన్నారేమో అని కూడా చూసుకోలేదు.

"నువ్వే చెప్తవని ఎదురు చూసిన," అన్నాడు. మెట్ల వైపు నడుస్తూ, "మామ గూడ ఎదురు చూసిండు," అన్నాడు.

ఆయన కిందికి దిగిపోయాడు. నేను దిగలేకపోయాను. బయటి డబ్బా నడుస్తూనే ఉంది. చలికాలంలో అది లోపలికి వేడి పంపి బయటికి చల్లగాలి వదులుతుంది. కింద మనిషి లేని గది వెచ్చబడుతోంది. ఆ చల్లగాలి నా కాళ్ళకు కొడుతుంటే, మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా దాని ముందే నిలబడ్డాను.